జాకబ్ పెర్కిన్స్

జాకబ్ పెర్కిన్స్ (జూలై 9, 1766 – జూలై 30, 1849) అమెరికాలో పుట్టి, జీవితంలోని చివరి ముప్పై సంవత్సరాలు ఇంగ్లండులో గడిపిన ఆవిష్కర్త, యంత్రనిర్మాత, ముద్రాపకుడు. ప్రపంచంలోని మొట్టమొదటి అంటించే తపాలా బిళ్ళ అయిన పెన్నీ బ్లాక్‌ను 1840లో ముద్రించిన లండన్ సంస్థకు ఇతడు మూలపురుషుడు. ఉక్కు పలకపై చెక్కిన ఒక బొమ్మను ఏ మాత్రం తేడా లేకుండా ఎన్ని పలకలపైకైనా దించే పద్ధతిని ఇతడు ఆచరణలోకి తెచ్చాడు. ఆ పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు కరెన్సీ నోట్లకు, తపాలా బిళ్ళలకు పునాది అయింది. ఆవిరి తుపాకీ, మంచును తయారుచేసే యంత్రం కూడా ఇతని పేరుతో ముడిపడి ఉన్నాయి. తపాలా బిళ్ళ అనగానే సంస్కర్త రోలండ్ హిల్ పేరు చెప్పుకోవడం పరిపాటి. ఆ బిళ్ళను కోట్ల సంఖ్యలో ఒకే రూపున అచ్చువేయడానికి వీలు కల్పించిన పెర్కిన్స్ పేరు మాత్రం తపాలా బిళ్ళల సేకర్తల వలయం దాటి అంతగా వినిపించదు.

బాల్యం, తొలి పనులు

పెర్కిన్స్ మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. బడి చదువు కొద్దిపాటిదే. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో ఒక కంసాలి వద్ద పనివాడుగా చేరాడు. పెర్కిన్స్‌కు పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ కంసాలి మరణించగా, దుకాణం నడిపే బాధ్యత ఇతనిపై పడింది. బంగారు పూసలు, బూట్లకు పెట్టుకునే బకిళ్ళు తయారుచేసి అమ్మాడు. లోహాన్ని కరిగించడం, సాగదీయడం, దానిపై గీత గీయడం అన్నీ ఈ దుకాణంలోనే అలవడ్డాయి.

స్వాతంత్ర్యం పొందిన కొత్తలో అమెరికా రాష్ట్రాలు కొన్ని సొంతంగా రాగి నాణేలు ముద్రించుకునేవి. 1787లో మసాచుసెట్స్ రాష్ట్రం తన నాణేల అచ్చులు చెక్కే పనిని పెర్కిన్స్‌కు కూడా అప్పగించింది. అప్పటికి అతని వయసు ఇరవై ఒకటి. నాణెం అచ్చు చెక్కేవాడికి రెండు చింతలు ఉంటాయి. తన అచ్చు నుండి వచ్చే ప్రతి నాణెం ఒకేలా ఉండాలి. ఇంకెవరూ అటువంటి నాణేన్ని చేయలేకపోవాలి. పెర్కిన్స్ ఆ తరువాత చేసిన ముద్రణ కృషి అంతా ఈ రెండు చింతల చుట్టూనే తిరిగిందని చెప్పవచ్చు. 1799 డిసెంబరులో జార్జి వాషింగ్టన్ మరణించినప్పుడు సంతాప సూచకంగా ప్రజలు ధరించిన పతకాలకు కూడా ఇతడే అచ్చులు చెక్కాడు.

1790లో హన్నా గ్రీన్‌లీఫ్‌ను వివాహమాడాడు. ఆ కాలంలోనే ఇనుప పట్టీని మేకులుగా కత్తిరించి, వాటికి తలలు కూడా ఒకే దెబ్బతో కొట్టే యంత్రాన్ని తయారుచేసి, 1795లో పేటెంటు పొందాడు. అంతవరకు మేకులను కమ్మరులు ఒక్కొక్కటిగా సాగగొట్టి చేసేవారు. ఏమ్స్‌బరీలో నదీతీరాన మేకుల కర్మాగారం వెలసింది గానీ, భాగస్వాములతోను, న్యాయస్థానాలతోను వచ్చిన చిక్కులలో లాభం హరించుకుపోయింది. మంచి యంత్రం చేయడం, దానితో నష్టపోవడం అనే వరుస పెర్కిన్స్ జీవితంలో ఇక్కడ మొదలై చివరివరకూ సాగింది.

దొంగనోట్లు, ఉక్కు పలకలు

అప్పటి అమెరికాలో ప్రతి బ్యాంకూ తన నోట్లు తానే అచ్చువేయించుకునేది. నోటును రాగి పలకపై చేతితో చెక్కి ముద్రించేవారు. రాగి మెత్తని లోహం కనుక కొన్ని వేల ప్రతులు తీసేసరికి గీతలు అరిగిపోయేవి. అరిగిన పలకను మళ్ళీ చెక్కినా, కొత్త పలక చేసినా, చేతి పని కావడంతో మొదటి దానికీ రెండవ దానికీ తేడా వచ్చేది. అంటే ఒకే బ్యాంకు జారీచేసిన అసలు నోట్లే ఒకదానితో ఒకటి సరిపోలేవి కావు. అసలు నోట్లలోనే తేడాలున్నప్పుడు దొంగనోటును పట్టుకునే మార్గం లేదు. దొంగనోట్లు చెలామణీ కావడానికి దొంగల నేర్పు ఎంత కారణమో, అసలు ముద్రాపకుల అశక్తత కూడా అంతే కారణం.

పెర్కిన్స్ మొదట చిన్న చిన్న ఉక్కు అచ్చులను ఒక చట్రంలో కలిపి బిగించే పలకను రూపొందించాడు. బ్యాంకు పేరు, ఊరు, విలువ ఉన్న ముక్కలను మార్చుకుంటే అదే పలక ఏ బ్యాంకుకైనా పనికి వచ్చేది. నోటు రెండవ వైపున కూడా క్లిష్టమైన ముద్ర వేయించాడు. 1809లో మసాచుసెట్స్ శాసనసభ తన బ్యాంకులు ఈ పలకలనే వాడాలని చట్టం చేసింది. ఒక చేతిపనివాని పద్ధతిని పేరుపెట్టి చట్టంలోకి ఎక్కించడం అరుదైన విషయం.

అసలు ముందడుగు దీని తరువాత పడింది. గట్టి ఉక్కుపై చెక్కడం కష్టం. మెత్తని ఉక్కుపై చెక్కితే త్వరగా అరుగుతుంది. పెర్కిన్స్ ఉక్కులోని కర్బనాన్ని తగ్గించి మెత్తబరచి, చెక్కిన తరువాత తిరిగి గట్టిపరచే విధానాన్ని సాధించాడు. దాని క్రమం ఇలా ఉంటుంది. మెత్తని ఉక్కు దిమ్మెపై చెక్కుడు పనివాడు బొమ్మను ఒకే ఒక్కసారి చెక్కుతాడు. దిమ్మెను గట్టిపరుస్తారు. మెత్తని ఉక్కు రోలరును దానిపై తీవ్రమైన ఒత్తిడితో ముందుకూ వెనుకకూ దొర్లిస్తారు. దిమ్మెలో పల్లంగా ఉన్న గీతలు రోలరుపై ఉబ్బుగా తేలుతాయి. ఈసారి రోలరును గట్టిపరచి, మెత్తని పలకపై దొర్లిస్తే బొమ్మ మళ్ళీ పల్లంగా దిగుతుంది. రోలరును ఎన్ని చోట్ల దొర్లిస్తే అన్ని బొమ్మలు. పలక అరిగిపోతే రోలరుతో మరొక పలక, రోలరు చెడితే దిమ్మెతో మరొక రోలరు చేసుకోవచ్చు. మనిషి చేయి పనిచేసేది మొదటి దిమ్మెపై మాత్రమే కనుక చివరి ప్రతి వరకూ తేడా రాదు. ఈ విద్యకు ఉక్కు రాత అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో సైడరోగ్రఫీ అని పేరుపెట్టారు.

పెర్కిన్స్ ఫిలడెల్ఫియాకు తరలివెళ్ళి అక్కడి ముర్రే, డ్రేపర్, ఫెయిర్‌మన్ సంస్థతో కలిసి పనిచేశాడు. గిడియన్ ఫెయిర్‌మన్ పేరుపొందిన చెక్కుడు పనివాడు. అదే బృందంలోని ఏసా స్పెన్సర్ జామెట్రిక్ లేత్ అనే యంత్రాన్ని రూపొందించాడు. అది ఒకదానిలో ఒకటి అల్లుకున్న వక్రరేఖల జాలాన్ని గీస్తుంది. యంత్రం అమరిక తెలియనివాడు చేతితో ఆ జాలాన్ని అనుకరించడం దాదాపు అసాధ్యం. పెర్కిన్స్ రోలరుకు స్పెన్సర్ లేత్ తోడై నోటు రక్షణకు బలమైన జోడీ అయింది. ఈ కాలంలోనే పెర్కిన్స్ నీటి సంపీడ్యతపై ప్రయోగాలు చేసి, నీరు ఒత్తిడికి లొంగదన్న అభిప్రాయం సరికాదని చూపాడు. ఆ ఫలితాలు 1820లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి.

లండన్ ప్రయాణం

ఫ్రాన్సుతో యుద్ధం జరుగుతున్న సమయంలో, 1797లో, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బదులుగా బంగారం చెల్లించడం నిలిపివేసి, 1, 2 పౌండ్ల చిన్న నోట్లను విడుదలచేసింది. అంతవరకు నోటు ముఖం ఎరుగని పేదల చేతికి కూడా ఇవి వచ్చాయి. తెల్ల కాగితంపై నల్లని అక్షరాలతో సాదాగా ఉన్న ఈ నోట్లను అనుకరించడం తేలిక. ఇంగ్లండు చట్టంలో నోటు దొంగతనంగా ముద్రించినవారికి, తెలిసి చలామణీ చేసినవారికి కూడా మరణశిక్ష ఉండేది. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో వందలాది మంది ఉరికంబమెక్కారు. వారిలో నోటు అచ్చువేసినవారికన్నా దానిని అంగడిలో మార్చబోయి దొరికిపోయిన నిరుపేదలే ఎక్కువ. 1819లో చిత్రకారుడు జార్జ్ క్రూక్‌షాంక్ ఉరితాళ్ళ బొమ్మలతో ఒక వ్యంగ్య నోటును ముద్రించి బ్యాంకును ఎండగట్టాడు. మంచి నోటు ముద్రించడం బ్యాంకు చేతిలో ఉండగా, చెడ్డ నోటుకు ప్రజలను బలి ఇవ్వడమేమిటన్న ఆగ్రహం దేశమంతా వ్యాపించింది. అనుకరించరాని నోటు కోసం ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షుడు ప్రసిద్ధ శాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్.

ఈ వార్త విని పెర్కిన్స్ 1819లో ఫెయిర్‌మన్, స్పెన్సర్, మరికొందరు పనివారితో, పెట్టెలకొద్దీ యంత్రాలతో ఓడ ఎక్కాడు. అప్పటికి అతని వయసు 52. లండన్‌లో చూపిన నమూనాలను అందరూ మెచ్చుకున్నారు. పని మాత్రం దక్కలేదు. బ్యాంకు ఆపిల్‌గాత్, కౌపర్ అనే ఇంగ్లీషు ముద్రాపకుల పద్ధతివైపు మొగ్గింది. ఇంగ్లండు నోటును ఇంగ్లీషువాడే రూపొందించాలన్న పట్టుదల ఇందుకు ఒక కారణమని చెబుతారు. అయితే అది మాత్రమే కారణం కాదు. లండన్ చెక్కుడు పనివారు పెర్కిన్స్ నమూనాను కూడా కొంతవరకు అనుకరించి చూపగలిగారు. నిపుణుడైనవాడు శ్రమపడితే దేనినైనా ఒకసారి అనుకరించగలడు. అనుకరణను సామాన్యుడు గుర్తుపట్టగలడా, లేదా అన్నదే ముఖ్యమైన ప్రశ్న. దానిని సంఘం తగినంతగా పట్టించుకోలేదు. చివరికి 1821లో బంగారం చెల్లింపు తిరిగి మొదలై చిన్న నోట్ల అవసరమే తగ్గిపోవడంతో, ఎంచుకున్న ఆ ఇంగ్లీషు పద్ధతి కూడా వాడకంలోకి రాలేదు.

పెర్కిన్స్ తిరిగి వెళ్ళలేదు. ఇంగ్లీషు చెక్కుడు పనివాడు చార్లెస్ హీత్‌తో కలిసి పెర్కిన్స్, ఫెయిర్‌మన్ అండ్ హీత్ అనే సంస్థను ఫ్లీట్ వీధిలో స్థాపించాడు. జిల్లాలలోని చిన్న బ్యాంకులు ఈ సంస్థ వద్ద నోట్లు అచ్చువేయించుకున్నాయి. ఉక్కు పలకపై చెక్కే విద్య హీత్ ద్వారా పుస్తకాల బొమ్మలకు కూడా పాకి, 1820ల నుండి ఇంగ్లీషు సచిత్ర గ్రంథాల రూపే మారిపోయింది. ఫెయిర్‌మన్ కొన్నేళ్ళకు అమెరికా చేరుకున్నాడు. 1829లో పెర్కిన్స్ అల్లుడు జాషువా బటర్స్ బేకన్ హీత్ వాటా కొన్నాడు. తరువాత హెన్రీ పెచ్ భాగస్వామిగా చేరగా, సంస్థ పేరు పెర్కిన్స్, బేకన్ అండ్ పెచ్ అయింది. పెర్కిన్స్ పేరు ముందున్నా, వ్యాపారం నడిపినవాడు బేకనే.

ఆవిరి, మంచు

అప్పటికి పెర్కిన్స్ మనసు ఆవిరి యంత్రాలపైకి మళ్ళింది. సాటివారు ఊహించడానికే భయపడిన అధిక పీడనంతో ఆవిరిని పుట్టించి యంత్రాలు నడపాలని ప్రయత్నించాడు. సూత్రం సరైనదే. ఆనాటి లోహాలు, అతుకులు ఆ ఒత్తిడికి తాళేవి కావు. ఈ ప్రయోగాలకు చాలా డబ్బు ఖర్చయింది. 1820లలో మందుగుండుకు బదులు ఆవిరి బలంతో గుండ్లు పేల్చే తుపాకీని చేసి, వెల్లింగ్టన్ ప్రభువు తదితర సైనికాధికారుల ఎదుట ప్రదర్శించాడు. అది విడువకుండా గుండ్ల వర్షం కురిపించింది గానీ, యుద్ధరంగానికి బాయిలరును మోసుకుపోవడం ఎలాగన్నది తేలలేదు. సైన్యం దానిని తీసుకోలేదు. 1832లో లండన్‌లో తెరిచిన అడిలైడ్ గ్యాలరీ అనే యంత్ర ప్రదర్శనశాల వెనుక పెర్కిన్స్ చేయి కూడా ఉంది. ఆవిరి తుపాకీ అక్కడ సందర్శకులకు వినోదంగా మిగిలింది.

1834లో పొందిన మరొక పేటెంటు నేటి పాఠకునికి మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈథర్ వంటి త్వరగా ఆవిరయ్యే ద్రవాన్ని తక్కువ పీడనంలో ఆవిరి చేస్తే అది చుట్టుపక్కల వేడిని లాగుకుంటుంది. ఆ ఆవిరిని పంపుతో నొక్కి, చల్లని నీటిలో మునిగిన గొట్టంలో తిరిగి ద్రవంగా మార్చి, మళ్ళీ మొదటి పాత్రకు పంపవచ్చు. ద్రవం వృథా కాకుండా మూసిన వలయంలో తిరుగుతూ ఉంటుంది. ఇంటి రిఫ్రిజిరేటరు ఇదే సూత్రంపై పనిచేస్తుంది. ఊహ అంతకు ముందే అమెరికా యంత్రవేత్త ఆలివర్ ఎవాన్స్‌కు కలిగింది. దానిని పనిచేసే యంత్రంగా రూపుకట్టించినవాడు పెర్కిన్స్. జాన్ హేగ్ అనే వ్యక్తి నిర్మించిన ఆ యంత్రం కొంత మంచును తయారుచేసింది. కొనేవారు లేక అక్కడితో ఆగింది. సరస్సుల నుండి కోసి తెచ్చే మంచు చౌకగా దొరికే రోజులవి.

పెన్నీ బ్లాక్

1837లో రోలండ్ హిల్ తపాలా సంస్కరణలను ప్రతిపాదించాడు. అంతవరకు ఉత్తరం రుసుమును దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి లెక్కించి, ఎక్కువగా అందుకునేవాని వద్ద వసూలు చేసేవారు. దూరంతో నిమిత్తం లేకుండా అర ఔన్సు వరకు ఒక పెన్నీ చాలునని, దానిని పంపేవారే ముందుగా చెల్లించాలని హిల్ వాదించాడు. 1839లో పార్లమెంటు దీనిని ఆమోదించింది. ముందుగా చెల్లించినట్లు చూపే గుర్తు కోసం ప్రభుత్వం ప్రజల నుండి సూచనలు కోరగా, సుమారు 2,600 వచ్చాయి. వాటిలో ఏదీ పూర్తిగా పనికిరాలేదు. బెంజమిన్ చెవర్టన్ అనే శిల్పి చేసిన ఒక సూచన మాత్రం నిలిచింది. ముఖం చూసి పోల్చుకోవడం మనిషికి సహజ విద్య కనుక, బిళ్ళపై ముఖముంటే ఏ చిన్న తేడా అయినా కంటికి తట్టుతుందని అతని భావం. బ్యాంకు నోటు విషయంలో సంఘం వదిలిపెట్టిన ప్రశ్నకు ఇది సరైన జవాబు.

1839 చివరలో హిల్ పెర్కిన్స్ సంస్థను సంప్రదించాడు. విక్టోరియా రాణి లండన్ నగర సందర్శన జ్ఞాపకార్థం విలియం వాయన్ చేసిన పతకంలోని ముఖాన్ని హెన్రీ కోర్‌బౌల్డ్ చిత్రించాడు. పాత భాగస్వామి చార్లెస్ హీత్, అతని కుమారుడు ఫ్రెడరిక్ ఉక్కుపై చెక్కారు. నేపథ్యంలో నోట్లపై వాడిన యంత్రపు గీతల అల్లికనే ఉంచారు. ఒక్కొక్క పలకపై రోలరు 240 సార్లు దొర్లింది. వరుసకు 12 చొప్పున 20 వరుసలు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, 240 పెన్నీలు ఒక పౌండు కనుక వరుస ఒక షిల్లింగుకు, పూర్తి కాగితం ఒక పౌండుకు లెక్క సరిపోయేది. ప్రతి బిళ్ళ కింది మూలలలో రెండు అక్షరాలను విడిగా చేతితో కొట్టారు. మొదటి బిళ్ళపై ఏ-ఏ, చివరి దానిపై టి-ఎల్. దొంగ ముద్రించేవాడు ఒక్క బిళ్ళను అనుకరించి ఊరుకుంటే, అన్నింటిపైనా ఒకే జత అక్షరాలు కనిపించి దొరికిపోతాడు. తేడా లేకుండా చేయడానికి జీవితమంతా శ్రమించిన పెర్కిన్స్ పద్ధతిపైన, కావాలని పెట్టిన తేడా ఇది.

1840 ఏప్రిల్ 11న ముద్రణ మొదలై, మే 1న అమ్మకానికి వచ్చి, మే 6 నుండి బిళ్ళ చెల్లుబాటు అయింది. కాగితంలో చిన్న కిరీటం నీటిగుర్తు ఉండేది. అంచులకు రంధ్రాలు లేవు. తపాలా ఉద్యోగులు కత్తెరతో కత్తిరించి ఇచ్చేవారు. దేశం పేరు వేయవలసిన అవసరం అప్పుడు ఎవరికీ తోచలేదు. మొదటి పలకను గట్టిపరచకుండా వాడడంతో అది త్వరగా అరిగి, బాగుచేయవలసి వచ్చింది. మొత్తం 11 పలకలతో సుమారు 6 కోట్ల 88 లక్షల బిళ్ళలు ముద్రించారు.

భయపడిన దొంగ ముద్రణ పెద్దగా జరగలేదు. ఎవరూ అంతగా ఆలోచించని చోట దెబ్బ తగిలింది. వాడిన బిళ్ళను రద్దుచేసే ఎర్రసిరాను కొందరు కడిగివేసి బిళ్ళను మళ్ళీ అంటించసాగారు. నల్లని బిళ్ళపై ముద్ర సరిగా కనిపించేది కూడా కాదు. అందుచేత 1841 ఫిబ్రవరిలో అదే పద్ధతితో బిళ్ళను ఎర్రరంగులో ముద్రించి, నల్లసిరాతో రద్దుచేయడం ప్రారంభించారు. పెన్నీ బ్లాక్ వాడుక ఏడాది కూడా నిండకుండానే ముగిసింది.

చివరి రోజులు

బిళ్ళ వెలువడే నాటికి పెర్కిన్స్‌కు 73 సంవత్సరాలు. 1849 జూలై 30న లండన్‌లో మరణించాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. కుమారుడు ఏంజియర్ మార్చ్ పెర్కిన్స్ తండ్రి అధిక పీడన ప్రయోగాలను వేడినీటి గొట్టాలతో భవనాలను వెచ్చబరచే పద్ధతిగా మలచి వ్యాపారంలో రాణించాడు. మనుమడు లాఫ్టస్ పెర్కిన్స్ శీతలీకరణ యంత్రాలపై కృషిచేశాడు.

సంస్థ తరువాతి చరిత్ర

పెర్కిన్స్ బేకన్ సంస్థ ఆ తరువాత అనేక బ్రిటిష్ వలసలకు బిళ్ళలు ముద్రించింది. 1853 నాటి కేప్ ఆఫ్ గుడ్ హోప్ త్రికోణ బిళ్ళలు వీటిలో బాగా పేరుపొందినవి. 1861లో సంస్థ రోలండ్ హిల్ బంధువొకరికి వలసల బిళ్ళల నమూనాలను అనుమతి లేకుండా ఇచ్చింది. రహస్యం కాపాడడమే ప్రాణమైన వృత్తిలో ఇది పెద్ద తప్పు. వలసల కొనుగోళ్ళు చూసే క్రౌన్ ఏజెంట్లు ఆగ్రహించి, పలకలతో సహా పనిని డి లా రూ సంస్థకు బదిలీచేశారు. డి లా రూ వారు పలకపై ఉబ్బుగా ఉన్న గీతలతో, మరింత చౌకగా, కడిగితే రంగు పోయే సిరాలతో ముద్రించేవారు. సిరా కడిగేవారికి అసలైన మందు అదే. 1855 నుండి 1920ల మధ్యలో నాసిక్ ముద్రణాలయం ఏర్పడేవరకు భారతదేశపు బిళ్ళలను ముద్రించినవారు కూడా వీరే. బ్రిటన్ ఎర్ర పెన్నీ బిళ్ళ మాత్రం 1879 వరకు పెర్కిన్స్ బేకన్ చేతిలోనే ఉండి, వందల కోట్ల సంఖ్యలో వెలువడింది. ఆ తరువాత సంస్థ క్రమంగా క్షీణించి 1930లలో మూతపడింది.

అమెరికాలో పెర్కిన్స్ విడిచివచ్చిన ఫిలడెల్ఫియా సంస్థ వారసులు 1858లో ఇతర సంస్థలతో కలిసి అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీగా ఏర్పడ్డారు. అమెరికాకు, దక్షిణ అమెరికా దేశాలకు ఆ కంపెనీ బిళ్ళలు ముద్రించింది. ఈ విధంగా అట్లాంటిక్‌కు ఇరువైపులా ఒకే రోలరు విద్య కొనసాగింది. లండన్ సంస్థ పత్రాలు రాయల్ ఫిలటెలిక్ సొసైటీకి చేరగా, పెన్నీ బ్లాక్ ముద్రణకు వాడిన పెర్కిన్స్ ముద్రణ యంత్రం ఒకటి బ్రిటిష్ లైబ్రరీకి చేరింది.